చావకుండా మిగిలినవే మన టి కణాలు

(సైన్సు మీద ఆసక్తి ఉన్న సాధారణ శ్రోతల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఫోటో ఒక చిన్న వయసు ఎలుక థైమస్ గ్రంథిది. గ్రంథిని పల్చటి పొరగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి తీసింది. ఊదారంగు చుక్కల్లా కనిపిస్తున్నవన్నీ కణాలే. ఎంత కిక్కిరిసి ఉన్నాయో చూడండి, మధ్యలో సూది మోపే సందు లేదు.

చదువుకునే రోజుల్లో ఇలాంటి స్లైడ్ మొదటిసారి చూసినప్పుడు నాకొక అనుమానం వచ్చింది. అప్పటికే పుస్తకంలో చదివి ఉన్నాను: చిన్న వయసు ఎలుక థైమస్‌లో రోజుకు సుమారు 5 కోట్ల కణాలు పుడతాయి, అందులో బయటికి వెళ్ళి పనిలో చేరేవి 10 నుంచి 20 లక్షలు మాత్రమే. మిగతావన్నీ అక్కడే చచ్చిపోతాయి. రోజూ కోట్ల కణాలు చచ్చే చోట శవాలు గుట్టలుగా పడి ఉండాలి కదా? గంటసేపు స్లైడ్ అటూ ఇటూ జరుపుతూ వెతికాను. ముడుచుకుపోయిన కణాలు ఎక్కడో ఒకటి, ఇంకెక్కడో ఒకటి. అంతే. పుస్తకం తప్పు రాసిందేమో అనుకున్నాను.

పుస్తకం తప్పు రాయలేదు. చచ్చే కణాలను మాత్రమే రంగులో పట్టి చూపే పద్ధతితో 1994లో థైమస్‌ను పరీక్షించారు. చచ్చిన కణాలు దొరికాయి, కానీ చాలా వరకు మాక్రోఫేజ్‌ల కడుపులో దొరికాయి. మాక్రోఫేజ్ అంటే చెత్తను మింగి అరిగించే పెద్ద కణం. చావబోయే కణం తన పైపొరలో లోపలి వైపు ఉండాల్సిన ఒక కొవ్వు పదార్థాన్ని బయటి వైపుకు తిప్పి చూపిస్తుంది. మాక్రోఫేజ్‌కు అది గుర్తు. కణం పూర్తిగా విడిపోకముందే అది వచ్చి మింగేస్తుంది. వాపు ఉండదు, నొప్పి ఉండదు. పక్కనున్న కణానికి ఏమీ తెలియదు.

ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఈ చావుల గురించే. మన ఒంట్లో టి కణాలు, అంటే చొరబడిన సూక్ష్మజీవులను గుర్తుపట్టి ఎదుర్కొనే తెల్ల రక్తకణాలు, ఎలా తయారవుతాయి అని అడిగితే, ఫలానా జన్యువు పనిచేసి, ఫలానా ప్రొటీన్ తయారై అంటూ మొదలుపెడతాం. అది నిజమే కానీ సగమే. థైమస్‌లో కణానికి మామూలు దారి చావే. బతకాలంటే మెట్టు మెట్టుకూ ఎవరో ఒకరు దానికి అనుమతి ఇస్తూ పోవాలి. ఆ అనుమతి ఎప్పుడు దొరుకుతుంది, ఎంతసేపు దొరుకుతుంది అన్నదే మన రోగనిరోధక శక్తి రూపాన్ని తీర్చిదిద్దుతుంది.

థైమస్ ఎక్కడుందో ముందు చెప్పాలి. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన. పిల్లల్లో పెద్దగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోయి కొవ్వు పడుతుంది. 1960 దాకా దాని పని ఏమిటో ఎవరికీ తెలియదు. లోపల ఇన్ని కణాలు చస్తున్నాయి కాబట్టి అది లింఫోసైట్‌లనే తెల్ల రక్తకణాల శ్మశానం అని కొందరు గట్టిగా నమ్మారు. 1961లో జాక్ మిల్లర్ అనే యువ పరిశోధకుడు లండన్‌లో ఎలుకల ల్యూకేమియా మీద పనిచేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో థైమస్ తీసేశాడు. అవి కొద్ది వారాలకే చిక్కి శల్యమై, చిన్న చిన్న ఇన్‌ఫెక్షన్లకే చచ్చిపోయాయి. రక్తంలో లింఫోసైట్‌లు బాగా తగ్గిపోయాయి. వేరే జాతి ఎలుక చర్మం అతికిస్తే ఒళ్ళు దాన్ని తిరస్కరించలేదు. శ్మశానం అనుకున్నది నిజానికి పురిటిగది అని అప్పుడు తేలింది. థైమస్‌లో తయారవుతాయి కాబట్టే వీటికి టి కణాలు అని పేరు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, వైద్య చరిత్రలో జరిగిన ఒక ఘోరమైన పొరపాటు చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే నాకు మనసు ఒప్పదు. 20వ శతాబ్దం మొదట్లో శరీరాలను కోసి చూసే డాక్టర్లకు దొరికిన శవాలు ఎక్కువగా పేదవాళ్ళవి, చాలాకాలం జబ్బుపడి పోయినవాళ్ళవి. జబ్బు వల్ల, ఆకలి వల్ల ఒంట్లో కార్టిజోల్ లాంటి స్టెరాయిడ్ హార్మోన్లు పెరుగుతాయి. థైమస్ కణాలకు ఆ హార్మోన్లు పరమ శత్రువులు, రెండు మూడు రోజుల్లో గ్రంథి సగానికి సగం ఖాళీ అయిపోతుంది. ఆ డాక్టర్లు చూసినవన్నీ అలా వడలిపోయిన థైమస్‌లే. అదే మామూలు సైజు అనుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ ఉన్నట్టుండి చనిపోతే, కోసి చూసి, థైమస్ ఇంత పెద్దదిగా ఉంది, ఇదే ఊపిరి ఆపేసి ఉంటుంది అని తీర్మానించారు. ఆ భయంతో వేల మంది పసిపిల్లల థైమస్‌కు ఎక్స్‌రేలు పెట్టి కుదించారు. ఏళ్ళు గడిచాక ఆ పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. వాళ్ళ థైమస్‌లకు ఏ జబ్బూ లేదు. ఉండాల్సినంతే ఉన్నాయి. జబ్బుపడితే ఈ కణాలు ఎంత తేలిగ్గా చస్తాయో ఆ రోజుల్లో తెలిసి ఉంటే ఆ పిల్లలకు ఆ గతి పట్టేది కాదు.

ఇక చావు సంగతి. గాయమై పగిలి చచ్చే కణం వేరు, తనంతట తాను పద్ధతి ప్రకారం ముడుచుకుని చచ్చే కణం వేరు. ఈ రెండో రకానికి 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టేర్ కర్రీ అనే ముగ్గురు అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకలు రాలడం అని అర్థం. ఆ పేరు సూచించింది గ్రీకు భాష బోధించే ఒక ప్రొఫెసర్. 1980లో వైలీ ఇంకో మెట్టు ముందుకు వెళ్ళాడు. థైమస్ కణాలకు స్టెరాయిడ్ ఇచ్చి చూస్తే, లోపలి డీఎన్ఏ ఎలా పడితే అలా తెగలేదు, కొలిచి కోసినట్టు సమానమైన ముక్కలుగా తెగింది. కణం లోపల కత్తి ముందే సిద్ధంగా ఉందన్నమాట. ఈ విషయం మొదట బయటపడింది కూడా థైమస్ కణాల్లోనే.

మరి ఆ కత్తికి ఒర ఏది? దాని జవాబు క్యాన్సర్ నుంచి వచ్చింది. ఫాలిక్యులర్ లింఫోమా అనే క్యాన్సర్‌లో రెండు క్రోమోజోమ్‌లు విరిగి ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుంటుంది. ఆ అతుకు దగ్గర దొరికిన జన్యువు పేరు బీసీఎల్-2. అప్పటిదాకా తెలిసిన క్యాన్సర్ జన్యువులన్నీ కణాన్ని వేగంగా విభజించేవే కాబట్టి ఇదీ అలాంటిదే అనుకున్నారు. 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ దీన్ని మామూలు కణాల్లో పెట్టి చూశారు. కణాలు వేగంగా పెరగలేదు. కానీ పోషక సిగ్నల్ ఆపేసినా చావలేదు! చావును ఆపే జన్యువు అనేది ఒకటి ఉందని అలా తెలిసింది.

యంత్రం ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా దీనిమీదే నడుస్తుంది. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా గోడకు చిల్లులు పొడిచే రెండు ప్రొటీన్లు ఉన్నాయి, బాక్స్, బాక్ అని. చిల్లు పడితే లోపలి సరుకు బయటికి కారి, కాస్పేజ్‌లు అనే కత్తెరలు నిద్రలేస్తాయి, కణం పని అయిపోతుంది. బీసీఎల్-2, దాని తోబుట్టువు బీసీఎల్-ఎక్స్ఎల్, ఇంకా కొన్ని ప్రొటీన్లు ఆ చిల్లులు పడకుండా అడ్డుపడతాయి. ఈ కాపలాదారుల చేతులు కట్టేసేవి ఇంకో జట్టు. అందులో ముఖ్యమైనది బిమ్. బిమ్ ఎక్కువైతే చావు, కాపలాదారులు ఎక్కువైతే బతుకు. త్రాసులా అటో ఇటో మొగ్గుతూ ఉంటుంది.

ఇప్పుడు ఒక కణాన్ని పట్టుకుని దానితోపాటే నడుద్దాం.

ఎముక మజ్జ నుంచి థైమస్‌కు వచ్చిన మూలకణం మొదట ఐఎల్-7 అనే సిగ్నల్ మీద ఆధారపడి బతుకుతుంది. థైమస్ గోడల కణాలు దాన్ని విడుదల చేస్తాయి. ఐఎల్-7 అందుకునే రిసెప్టర్ లోపించిన పిల్లలు టి కణాలే లేకుండా పుడతారు, జలుబు లాంటి ఇన్‌ఫెక్షన్ కూడా వాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఐఎల్-7 కణానికి ఏదో కొత్త విద్య నేర్పుతోందా, లేక ఊరికే బతికిస్తోందా అన్న ప్రశ్నకు 1997లో అందమైన జవాబు వచ్చింది. ఐఎల్-7 రిసెప్టర్ లేని ఎలుకల్లో బీసీఎల్-2ను ఎక్కువగా తయారయ్యేలా చేశారు. సిగ్నల్ లేకపోయినా టి కణాలు చాలా వరకు తిరిగొచ్చాయి. అంటే ఐఎల్-7 ఇస్తున్నది ప్రధానంగా బతికే అనుమతే.

తర్వాత కణం తన రిసెప్టర్ తయారుచేసుకోవాలి. శత్రువును గుర్తుపట్టే చేయి అది. దాని జన్యువు రెడీమేడ్‌గా ఉండదు. ర్యాగ్ అనే ఎంజైములు డీఎన్ఏ ముక్కలను కత్తిరించి కొత్త వరసలో అతుకుతాయి, అతుకు దగ్గర ఇష్టం వచ్చినట్టు కొన్ని అక్షరాలు చేరతాయి కూడా. డీఎన్ఏను మూడేసి అక్షరాల చొప్పున చదవాలి. అతుకు ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా మిగతా అంతా అర్థం లేని రాత అయిపోతుంది. కాబట్టి ఒక్కో ప్రయత్నంలో గెలిచే అవకాశం మూడింట ఒక వంతే. గెలవని కణానికి బతికే సిగ్నల్ అందదు. ఎవరూ వచ్చి చంపరు. ఎవరూ పలకరించరు, అంతే, అది చచ్చిపోతుంది.

గెలిచిన కణం చకచకా విభజన చెంది, సీడీ4, సీడీ8 అనే రెండు గుర్తులూ ఉన్న దశకు చేరుతుంది. దీన్ని డబుల్ పాజిటివ్ దశ అంటారు. థైమస్‌లో నూటికి 80 దాకా ఇవే ఉంటాయి. ఇక్కడ జరిగే సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. ఈ దశకు రాగానే కణం తన బీసీఎల్-2ను తానే తగ్గించేసుకుంటుంది! ముందు దశలో పుష్కలంగా ఉంది, తర్వాతి దశలో మళ్ళీ వస్తుంది, మధ్యలో ఈ ఒక్క దశలో మాత్రం కవచం తీసి పక్కన పెడుతుంది. బీసీఎల్-ఎక్స్ఎల్ ఒక్కటే మిగులుతుంది. దాని అండతో బతికేది మూడు నాలుగు రోజులు. స్టెరాయిడ్‌లకు ఇవి ఇట్టే చచ్చిపోవడం కూడా ఇందువల్లే. ఏరివేత జరగాల్సింది ఈ దశలో కాబట్టి, తేలిగ్గా చచ్చే స్థితిలో వాటిని నిలబెట్టడం అవసరం.

ఆ మూడు నాలుగు రోజుల గడువులోనే ఇంకో విశేషం ఉంది. రిసెప్టర్‌లో రెండో సగం, ఆల్ఫా గొలుసు, ఈ దశలో తయారవుతుంది. దానికి డీఎన్ఏ మీద వరసగా పేర్చిన ముక్కలు చాలా ఉన్నాయి. కణం దగ్గరి ముక్కతో మొదలుపెడుతుంది. పనికిరాకపోతే దాన్ని వదిలి ఇంకాస్త దూరం ముక్కతో ప్రయత్నిస్తుంది, అలా ముందుకు పోతూ ఉంటుంది. ఎక్కువ రోజులు బతికితే దూరం ముక్కల దాకా వెళ్ళగలదు. తొందరగా చచ్చిపోతే దగ్గరి ముక్కలతోనే ఆగిపోతుంది. 2002లో దీన్ని నేరుగా చూపించారు. ఆర్ఓఆర్ గామా-టి అనే ప్రొటీన్ లేని ఎలుకల్లో బీసీఎల్-ఎక్స్ఎల్ పడిపోయి డబుల్ పాజిటివ్ కణాలు తొందరగా చస్తాయి. వాటి రిసెప్టర్లలో దగ్గరి ముక్కలే కనిపించాయి. బీసీఎల్-ఎక్స్ఎల్‌ను తిరిగి పెట్టి ఆయుష్షు పెంచితే దూరం ముక్కలు కూడా వచ్చాయి. టి కణాల్లో ఎన్‌కేటి కణాలు అనే ఒక జాతి మొత్తం అలాంటి దూరపు ముక్క మీదే ఆధారపడి ఉంది. డబుల్ పాజిటివ్ కణాల ఆయుష్షు తగ్గితే ఆ జాతే పుట్టదు. కణం ఎన్నాళ్ళు బతుకుతుంది అన్నది, అది ఏ శత్రువును గుర్తుపట్టగలదు అన్నదాన్ని నిర్ణయిస్తోంది. జన్యువుల రాత అంతా డీఎన్ఏలోనే ఉందనుకునేవాళ్ళకు నేను చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

ఇక అసలు పరీక్ష. మన కణాలన్నీ తమ లోపలి ప్రొటీన్ల చిన్న చిన్న ముక్కలను ఎంహెచ్‌సి అనే పళ్ళెంలో పెట్టి బయటికి చూపిస్తుంటాయి. టి కణం ఆ పళ్ళేన్ని, ముక్కను కలిపి తడిమి చూస్తుంది. అసలు పళ్ళెమే పట్టుకోలేని రిసెప్టర్ ఎందుకూ పనికిరాదు, ఆ కణానికి సిగ్నల్ అందక గడువు తీరి చచ్చిపోతుంది. దీన్ని పట్టించుకోని చావు అనొచ్చు. కొద్దిగా, వదులుగా పట్టుకుంటే బతుకుతుంది. మరీ గట్టిగా పట్టుకుంటే అది రేపు బయటికెళ్ళి మన ఒంటినే తింటుంది, కంచే చేను మేసినట్టు. అలాంటిదాన్ని ఇక్కడే చంపేస్తారు. ఏరివేత అంటే ఇదే.

ఎన్ని ఏ చావు చస్తాయి అన్నది కొలిచే పద్ధతిని బట్టి మారుతుంది. పాత పాఠ్యపుస్తకాల్లో పట్టించుకోని చావుకే పెద్ద వాటా ఇచ్చారు. 2013లో వచ్చిన కొలతలు మాత్రం ఏరివేతలో చచ్చేవి మనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువని చూపాయి.

ఏరివేత అనేది నిజంగా జరుగుతుందని కళ్ళారా చూపించింది 1987లో. జాన్ కాప్లర్, ఫిలిపా మరాక్ దంపతులు, వాళ్ళ సహచరులు ఒక ప్రత్యేకమైన రిసెప్టర్ ముక్కను గుర్తుపట్టే యాంటీబాడీ తయారుచేశారు. ఆ ముక్క ఉన్న టి కణాలు ఒకానొక ఎంహెచ్‌సి పళ్ళేన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఆ పళ్ళెం లేని ఎలుకల్లో ఆ కణాలు మామూలుగా ఉన్నాయి. పళ్ళెం ఉన్న ఎలుకల్లో ఎదిగిన కణాల్లో అవి కనిపించలేదు, కానీ థైమస్ లోపలి చిన్న వయసు కణాల్లో మాత్రం ఉన్నాయి. పుట్టాయి, పెరిగేలోగా మాయమయ్యాయి. మరుసటి ఏడాది హెరాల్డ్ ఫాన్ బోమర్ బృందం మగ ఎలుకల్లో మాత్రమే ఉండే ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టే రిసెప్టర్‌ను అన్ని టి కణాలకూ పెట్టింది. ఆడ ఎలుకల్లో థైమస్ నిండుగా ఉంది. మగ ఎలుకల్లో గ్రంథి దాదాపు ఖాళీ. ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే మాటలు అక్కర్లేదు.

చంపేది ఎవరు? చాలాకాలం ఇది తేలలేదు. 1991లోనే బీసీఎల్-2 ఎక్కువగా పెట్టిన ఎలుకల కణాలు స్టెరాయిడ్‌కు, రేడియేషన్‌కు లొంగలేదు కానీ ఏరివేత మాత్రం చాలా వరకు జరిగిపోయింది. దాంతో ఏరివేతకు వేరే దారేదో ఉందని అందరూ అనుకున్నారు. 2002లో మెల్‌బోర్న్ బృందమే చూపించింది, గట్టి సిగ్నల్ తగిలినప్పుడు లేచేది బిమ్ అని. బిమ్ లేని ఎలుకల్లో చావాల్సిన కణాలు చావకుండా మిగిలాయి. తర్వాత పూమా అనే ఇంకో ప్రొటీన్ కూడా దీనికి సాయం చేస్తుందని తేలింది. బిమ్ లేని ఎలుకలు ముసలితనంలో తమ కిడ్నీల మీద తామే దాడి చేసే జబ్బుతో బాధపడతాయి.

కానీ ఒక చిక్కు ఉంది. థైమస్‌లో చూపించే ముక్కలు థైమస్‌వే అయితే, క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్ మీద దాడి చేసే కణాన్ని ఇక్కడ ఎలా పట్టుకుంటారు? థైమస్ లోపలి భాగంలో కొన్ని కణాలు ఏర్ అనే ప్రొటీన్ సాయంతో ఒంట్లో ఎక్కడెక్కడో తయారయ్యే వేల ప్రొటీన్లను కొద్దికొద్దిగా ఇక్కడే తయారుచేసి చూపిస్తాయి, ఇన్సులిన్‌తో సహా. ఏర్ జన్యువును 1997లో కనుక్కున్నారు, అది దెబ్బతిన్న కుటుంబాల్లో పారాథైరాయిడ్, అడ్రినల్ లాంటి గ్రంథులు ఒకటొకటిగా దెబ్బతినే జబ్బు ద్వారా. చావాల్సిన కణాలు చావకపోతే మనిషికి ఏమవుతుందో ఆ జబ్బు చూపిస్తుంది. ఇంకో సంగతి, అలా అద్దం పట్టి చూపించే ఆ కణాలు కూడా ఎంతోకాలం బతకవు. అవి కూడా అపాప్టోసిస్‌తో పోతాయి, వాటి ప్రొటీన్లను పక్కనున్న డెండ్రైటిక్ కణాలు అనే ఇంకో రకం కణాలు తీసుకుని చూపిస్తూ ఉంటాయి.

థైమస్ బయట సంగతి కాస్త త్వరగా చెబుతాను, సమయం తక్కువ ఉంది. ఇన్‌ఫెక్షన్ వస్తే టి కణాలు వేల రెట్లు పెరుగుతాయి. పని అయ్యాక నూటికి 90కి పైగా చచ్చిపోవాలి. అక్కడా బిమ్ పని ఉంది. పదే పదే రెచ్చిపోయే కణాలను అదుపు చేసేది ఫాస్ అనే ఇంకో తలుపు. కణం బయటి నుంచి ఎవరైనా ఆ తలుపు తడితే లోపల కాస్పేజ్-8 లేచి కణాన్ని చంపుతుంది. ఫాస్ చెడిపోయిన ఎలుకల్లో గ్రంథులు ఉబ్బి, ఒంటి మీద ఒళ్ళే దాడి చేస్తుందని 1992లో షిగెకజు నగాటా బృందం చూపించింది. 1995లో అదే లోపం పిల్లల్లో దొరికింది. మెడలో, చంకల్లో గడ్డలు, పెద్దదైన ప్లీహం, తమ రక్తకణాలనే తినేసే యాంటీబాడీలు. ఏళ్ళ తరబడి ఇది క్యాన్సర్ ఏమోనన్న టెన్షన్‌తో ఆస్పత్రుల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులకు, జబ్బు పేరు తెలియడమే ఎంత ఊరటో ఊహించండి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఫాస్ పోతే టి కణాలు ఎక్కువైపోయాయి. ఫాస్ కింద పనిచేసేది కాస్పేజ్-8. మరి కాస్పేజ్-8 తీసేస్తే ఏమవ్వాలి? ఇంకా ఎక్కువ అవ్వాలి. అందరూ అదే అనుకున్నారు. తీసేసి చూస్తే ఎలుక పిల్లలు గర్భంలోనే చచ్చిపోయాయి. సరే, టి కణాల్లో మాత్రమే తీసేద్దాం అని 2003లో చేస్తే, టి కణాలు పెరగకపోగా తగ్గిపోయాయి! ఇన్‌ఫెక్షన్‌కు స్పందించమంటే పెరగడానికి బదులు చచ్చాయి. అంతకు ముందు ఏడాది కాస్పేజ్-8 లోపించిన మనుషులను వర్ణించారు, వాళ్ళలో గడ్డలతోపాటు రోగనిరోధక శక్తి లోపం కూడా ఉంది. చంపే ప్రొటీన్‌ను తీసేస్తే కణాలు ఎందుకు చస్తున్నాయి? దాదాపు పదేళ్ళు ఈ ప్రశ్న అలాగే ఉండిపోయింది. కాస్పేజ్-8కు పెరుగుదలలో ఏదో రహస్య పాత్ర ఉందని రకరకాల ఊహలు చేశారు.

2011లో ముడి విడిపోయింది. కణంలో ఇంకో రకం చావు కూడా సిద్ధంగా ఉంటుంది, నెక్రాప్టోసిస్ అని. రిప్‌కే1, రిప్‌కే3 అనే ప్రొటీన్లు జతకట్టి, ఎంఎల్‌కేఎల్ అనే దాన్ని రెచ్చగొడితే అది కణం పైపొరకే చిల్లు పెడుతుంది. సరుకంతా బయటపడి వాపు పుడుతుంది. కాస్పేజ్-8 రోజూ చేసే పని, ఆ రిప్‌కే జంటను కత్తిరించి ఆ దారి మూసి ఉంచడం. కాస్పేజ్-8 లేకపోతే మూత ఊడి ఆ చావు బయటికొస్తుంది. కాస్పేజ్-8తోపాటు రిప్‌కే3ను కూడా తీసేసిన ఎలుకలు బతికాయి, పెరిగాయి, పిల్లల్ని కన్నాయి. పెద్దయ్యాక వాటికి ఫాస్ లేని ఎలుకలకు వచ్చినట్టే గడ్డలు వచ్చాయి. మొదట వేసిన లెక్క తప్పు కాదు, దాని కింద ఇంకో చావు దాక్కుని ఉండటం వల్ల కనిపించలేదు.

ఒకే ప్రొటీన్ ఒక చేత్తో చంపుతూ, ఇంకో చేత్తో ఇంకో చావును ఆపుతూ ఉంటుందని ముందే ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ని కాదు. ఎందుకిలా? బహుశా కొన్ని వైరస్‌లు కాస్పేజ్-8ను అణచివేసి కణాన్ని బతికించుకోవాలని చూస్తాయి కాబట్టి, అణచివేయగానే ఇంకో చావు తన్నుకొచ్చేలా ఏర్పాటు ఉండి ఉంటుంది. ఇది చాలామంది ఒప్పుకునే వివరణ, నాకూ సబబుగానే అనిపిస్తుంది.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

(శ్రోతల్లోంచి: ఈ జ్ఞానం మందులుగా మారిందా?)

మారింది. బీసీఎల్-2 చేతులు కట్టేసే వెనెటోక్లాక్స్ అనే మందుకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఒక రకం ల్యూకేమియాకు. అంటే బిమ్ చేసే పనినే ఒక మాత్రతో చేయిస్తున్నాం. పిల్లల ల్యూకేమియాలో దశాబ్దాలుగా వాడుతున్న డెక్సామెథసోన్ కూడా లింఫోసైట్‌లను అపాప్టోసిస్‌లోకి నెట్టే స్టెరాయిడే. వైలీ 1980లో థైమస్ కణాల్లో చూసింది సుమారుగా అదే.

(శ్రోతల్లోంచి: గట్టిగా పట్టుకునే కణాలన్నిటినీ చంపడమేనా? మార్చి వాడుకునే దారి లేదా?)

మంచి ప్రశ్న. ఉంది. అందులో కొన్నిటిని చంపకుండా రెగ్యులేటరీ టి కణాలుగా మారుస్తారు, అంటే మిగతా టి కణాలను అదుపులో ఉంచే కాపలాదారులుగా. ఈ కణాల మీద చేసిన పనికే 2025లో షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కు నోబెల్ వచ్చింది. వాటికి ఆ గుణాన్ని ఇచ్చేది ఫాక్స్‌పి3 అనే ప్రొటీన్. అయితే 2013లో ఒక వింత బయటపడింది. ఎదిగే దశలో ఫాక్స్‌పి3 తయారవడం మొదలైతే అదే ఆ కణాన్ని చావువైపు తోస్తుంది. ఐఎల్-2 అనే సిగ్నల్ సమయానికి అందితేనే కణం బతికి కాపలాదారు అవుతుంది. థైమస్‌లో ఐఎల్-2 చాలా కొద్దిగా ఉంటుంది. పైగా ముందే బయటికెళ్ళిన పాత కాపలా కణాలు కొన్ని థైమస్‌కు తిరిగొచ్చి, ఉన్న ఆ కాస్త ఐఎల్-2ను తామే తాగేస్తాయి. దాంతో కొత్తగా తయారయ్యే కాపలా కణాలు తగ్గిపోతాయి. వయసు పెరిగేకొద్దీ అలా తిరిగొచ్చేవి ఎక్కువవుతాయి. మీ ప్రశ్నకు జవాబు ఇదీ: మార్చి వాడుకునే దారి ఉంది, కానీ ఆ దారిలో కూడా కణం చావును దాటుకునే వెళ్ళాలి. దాటేది ఎన్ని అన్నది, ఆ రోజు థైమస్‌లో ఐఎల్-2 ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.